హైదరాబాద్ ఎడిటర్

జూన్ 2, సోమవారం

భవ్య పెళ్ళి సినిమా వాళ్ళింట్లో అందరికీ నచ్చిందట. పొద్దున్న వాళ్ళ నాన్నగారు సాంబశివరాజుగారే ఫోన్ చేశారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబం. మాటలు పొదుపుగా వాడే మనిషి. అలాంటాయన మా ఈయనతో చాలాసేపు మాట్లాడారు.

"అప్పగింతల దగ్గర మా ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయిందయ్యా. ఏమైనా హైదరాబాద్ వాళ్ళ పనితనమే వేరు."

"ఆయ్, మన పనులన్నీ అక్కడే చేయిస్తామండి," అన్నారు ఈయన, నా వైపు చూడకుండా.

నేను పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను.

అప్పగింతల దగ్గర పాట ఆపేసి, పిల్ల గాజుల చప్పుడు ఒక్కటీ ఉంచింది నేను. ఆవిడ ఏడ్చింది అక్కడే అయ్యుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, చాలు.

పాలకొల్లులో హరిబాబు స్టూడియో అంటే ఎవరైనా దారి చూపిస్తారు. కింద షాపు, పైన మా కాపురం. కెమెరా ఆయనది, ఎడిటింగ్ నాది. మొదట్లో అలాగే చెప్పేవాళ్ళం. ఒకసారి నరసాపురం నుంచి వచ్చినాయన, "మీ ఆవిడే చేస్తది కదండి, ఇంట్లో పనే కదా, కొంచెం చూసి వేసుకోండి" అన్నాడు. ఆ తర్వాతి పెళ్ళి నుంచి ఎడిటర్ హైదరాబాద్ వెళ్ళిపోయాడు. పని ఆలస్యమైతే ఆ తప్పు కూడా అతనిదే. "అక్కడ బిజీ అండి" అంటే అందరూ నమ్ముతారు, పైగా గౌరవిస్తారు.

నాకేం బాధ లేదు. వ్యాపారం అన్నాక ఇలాంటివి ఉంటాయి.

బెండకాయ వేపుడు బాగా కుదిరింది.


జూన్ 3

ల్యాప్‌టాప్ మళ్ళీ హ్యాంగ్.


జూన్ 6, శుక్రవారం

కొత్త కెమెరా ఫైలు తెరిస్తే చాలు, ల్యాప్‌టాప్ పిండిమరలా మోత పెడుతుంది. బొమ్మ ఒకచోట ఆగిపోతుంది, మాట ముందుకు పోతుంది. పురోహితుడి నోరు తెరుచుకునే ఉంటుంది, మంత్రం అయిపోతుంది.

ఆ కెమెరా భవ్య పెళ్ళికి ముందే కొన్నారు. ఈయన పాతది చేత్తో పట్టుకుని మండపం దగ్గర తిరిగారు. కొత్తదాన్ని స్టాండు మీద హాలు చివర పెట్టి వదిలేశారు. దానిపాటికి అది పెళ్ళంతా తీసింది. అందులోది నేనేమీ వాడలేదు. వాడనక్కరలేకపోయింది. హాలు వెనకనుంచి కుర్చీలూ తలలూ తప్ప ఏం కనిపిస్తాయి? పాత కెమెరా ఒక్కదానితోనే అంత సినిమా వచ్చింది.

ఈ సంగతి ఈయనకి చెప్పలేదు. చెప్పేంత సంగతి కాదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఈయనే ల్యాప్‌టాప్ మాట ఎత్తారు.

"ప్రాసెసర్ మార్పించేద్దాం వేణీ. రావులపాలెంలో వాళ్ళెవరో కొత్త మిషన్ పెట్టేరంట. పెళ్ళైన వారంలోనే సినిమా ఇచ్చేస్తన్నారంట."

"వాళ్ళిచ్చేది సినిమా కాదండి. కెమెరాలో ఉన్నది ఉన్నట్టు అతికించి ఇస్తారు."

"ఏదో ఒకటి ఇస్తన్నారు కదా."

"ఈ ల్యాప్‌టాప్‌తోనే కదా ఇన్ని పెళ్ళిళ్ళు చేసేను. ఎవరైనా వంక పెట్టేరా?"

"వంక పెట్టలేదు. లేటైందన్నారు."

"లేటైంది హైదరాబాద్ ఆయనకి. నాకు కాదు."

ఈయన నవ్వలేదు. నేనే నవ్వాను.


జూన్ 10, మంగళవారం

ల్యాప్‌టాప్ తీసుకుని రాజమండ్రి వెళ్ళొచ్చాను. ఈయనకి అన్నవరంలో కొత్త దంపతుల వ్రతం షూటింగ్ ఉంది, అందుకని ఒక్కదాన్నే వెళ్ళాను. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పసిపిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు.

దేవీచౌక్ దగ్గర షాపు. ప్రసన్నకుమార్ అని, నెమ్మదైన అబ్బాయి. వెనక మూత తీసి నాకు చూపించాడు.

"ఇందులో ప్రాసెసర్ మారదండి. బోర్డుకే అతికించి వస్తది. డెస్క్‌టాప్ అయితే ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. దీనికి బోర్డంతా మార్చాల్సిందే, మార్చినా ఈ మోడల్‌లో ఇంతకంటే పైది రాలేదు."

"ర్యామ్ వేస్తే?"

"మిగతా పనులు చురుగ్గా అవుతాయండి. కానీ మీ కొత్త కెమెరా ఫైలు వేరే రకం. దాన్ని విప్పడం ఈ ప్రాసెసర్‌కి చేతకాదు. కొత్త మిషన్ తీసుకోండి. లేదంటే ఆ ఫైళ్ళన్నిటికీ చిన్న సైజు కాపీలు చేసుకుని, వాటిమీద పని చేసుకోవాలి. ఆ కాపీలు చెయ్యడానికే ఇది రోజులు తీసుకుంటది." మూత బిగిస్తూ అడిగాడు. "ఎడిటింగ్ ఎవరు చేస్తారండి?"

"హైదరాబాద్‌లో చేస్తారు."

"మరి ల్యాప్‌టాప్ మీ దగ్గరుందేంటండి?"

రిపేరుకి పంపించారని చెప్పాను. అతను తలూపాడు. నమ్మాడో లేదో తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు రావులపాలెంలో మా అమ్మాయి శ్రీదుర్గ కోసం పూతరేకులు కొన్నాను. ఎల్లుండి దాని స్కూలు తెరుస్తారు, పదో తరగతి. డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే గుర్తొచ్చింది. ఎవరు చేస్తారని అడిగితే నేను ఇంకొకరి పేరు కూడా చెప్పలేదు. ఊరి పేరు చెప్పాను.


జూన్ 11

వద్దని చెప్పేశాను. కొత్త మిషనూ వద్దు, ఏదీ వద్దు. పని తెలిసినవాళ్ళకి మిషన్ పాతదైతేనేం, కొత్తదైతేనేం. కొత్త కెమెరానే కొన్నాళ్ళు బయటికి తియ్యొద్దన్నాను.

ఈయన మొహం చిన్నబోయింది. ఆ కెమెరా ఆయన ముచ్చట.

నేను చెప్పింది సబబే.


జూన్ 13, శుక్రవారం

సాంబశివరాజుగారు షాపుకి వచ్చారు. చెప్పకుండా, కారు ఆయనే నడుపుకుంటూ.

"ఆ హైదరాబాద్ ఎడిటర్ అడ్రసు కావాలయ్యా హరిబాబు."

"ఏమైనా మార్పులుంటే నాకు చెప్పండి రాజుగారూ, నేను చేయించి పెడతాను."

"మార్పులేం లేవు. అతన్ని ఒక మాట అడగాలి."

"ఫోన్లో..."

"ఫోన్లో అడిగేది కాదు. నేనే వెళ్తాను. నువ్వు అడ్రసు ఇయ్యి, చాలు."

నేను మజ్జిగ తెచ్చి ఇచ్చాను. గ్లాసు అందుకుని, "చల్లగా ఉందమ్మా" అన్నారు, నా వైపు సరిగా చూడకుండానే. ఎడిటర్ ఊళ్ళో లేడనీ, సోమవారానికి వస్తాడనీ ఈయన చెప్పారు. సోమవారం మళ్ళీ వస్తానని రాజుగారు లేచారు.

ఏం అడుగుతారు? సినిమాలో ఏ తప్పూ లేదు. మొత్తం మళ్ళీ చూశాను. లేదు.


జూన్ 14, శనివారం

ఈయన ఒక ఉపాయం ఆలోచించారు. సాల్మన్ అని ఈయన స్నేహితుడు ఉప్పల్‌లో ఉంటాడు, సెల్‌ఫోన్ షాపు. సోమవారం రాజుగారు రాగానే అతనికి వీడియో కాల్ చేస్తారట, అతను ఎడిటర్‌లా మాట్లాడతాడట.

"సాల్మన్‌కి పెళ్ళి గురించి ఏం తెలుసండి?"

"అందుకే కదా, నువ్వు ఫోన్ చేసి కొంచెం చెప్పు. ఏ సీను తర్వాత ఏది పెట్టేవు, ఎందుకు పెట్టేవు, అదీ. రాజుగారు ఏదడిగినా అందుకోవాలి."

 గాజుల చప్పుడు సంగతి సాల్మన్‌కి నేర్పాలన్నమాట. అక్కడ పాట ఎందుకు ఆపానో, ఎంతసేపు ఆపానో అతను రాజుగారికి చెప్తాడు. రాజుగారు అతన్ని మెచ్చుకుంటారు.

"నేర్పను," అన్నాను.

"అదేంటి?"

"నేర్పనండి. అంతే."

 బాధ లేదని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూడబుద్ధి కాలేదు.


జూన్ 16, సోమవారం

రాజుగారు వచ్చేసరికి నేను షాపులోనే ఉన్నాను. కావాలనే ఉన్నాను. మంచి చీర కట్టుకున్నాను.

ఈయన నోరు తెరిచేలోపే చెప్పాను.

"రాజుగారూ, ఆ ఎడిటర్ని నేనేనండి. హైదరాబాద్‌లో ఎవరూ లేరు."

ఆయన ఈయన వైపు చూశారు. ఈయన కౌంటర్ అద్దం తుడవడం మొదలుపెట్టారు.

"నువ్వా అమ్మా? ఆ గాజుల చప్పుడు, అదీ..."

"నేనేనండి."

"మంచిదే అయ్యింది. హైదరాబాద్ ప్రయాణం తప్పింది." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "హరిబాబు, నువ్వలా వెళ్ళి టీ తాగి రావయ్యా."

ఈయన వెళ్ళాక రాజుగారు చెప్పారు. ఆయనకి అన్నగారు ఒకరే. బంగార్రాజుగారు. చెరువు గట్టు దగ్గర మాటా మాటా వచ్చి, భవ్య లంగా వోణీల వయసు నుంచీ రెండిళ్ళకీ మాటల్లేవు. పెళ్ళికి శుభలేఖ పంపారు, మనిషి వెళ్ళి పిలవలేదు. పెళ్ళిలో రాజుగారికి అన్నగారు కనిపించలేదు. కానీ వంటవాళ్ళలో ఒకడు మొన్న ఎక్కడో అన్నాడట, పెద్దరాజుగారు వచ్చి వెళ్ళేరని.

"ఎవర్ని అడగమంటావు? ఇంట్లో అడిగితే ఆయన కోసం చూస్తన్నానని తెలిసిపోద్ది. పెళ్ళిలో ప్రతి మొహమూ చూసినోళ్ళు ఎవరైనా ఉంటే అది సినిమా చేసినోళ్ళే కదా అనిపించింది." ఫోన్‌లో పాత ఫొటో చూపించారు. భారీ మనిషి, తెల్ల మీసం. "వచ్చేడా అమ్మా?"

నేను ఆ ఫొటో చాలాసేపు చూశాను. ఆ మొహం నేను ఎక్కడా చూడలేదు.

"లేదండి. రాలేదు."

"పెళ్ళంతా చూసేవా?"

"చూసేనండి."

"రాలేదన్నమాట," అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకోబోతే జారింది, వంగి తీసుకున్నారు. "రాడులే. నేను వెళ్ళి పిలవందే ఎందుకొస్తాడు." వెళ్తూ వెళ్తూ నాకు దణ్ణం పెట్టారు. అంతటి మనిషి.

ఎడిటర్ని నేనే అని చెప్పిన రోజు ఇది. సంతోషంగా ఉండాలి.


జూన్ 17

రెండో కెమెరాలో ఏమీ ఉండదు. కుర్చీలు, తలలు.


జూన్ 18, బుధవారం

పొద్దున్నే మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌ని కిటికీ దగ్గర ఎత్తుపీట మీద పెట్టి, అడుగున గాలి ఆడేలా రెండు అగ్గిపెట్టెలు పెట్టి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పాను. రెండో కెమెరా ఫైళ్ళన్నిటికీ చిన్న కాపీలు. ప్రసన్నకుమార్ చెప్పినట్టే నత్తనడక. ఒక ఫైలు సగంలో ఆగిపోయింది, మళ్ళీ మొదటినుంచి పెట్టాను.

ఏం చేస్తున్నావని ఈయన అడిగారు. చెప్పాను. భవ్య పెళ్ళికి ఆ ఫైళ్ళు అసలు తెరవలేదని కూడా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. లోపలికి వెళ్ళి, ఇంకో ఫ్యాన్ తెచ్చి రెండో పక్కన పెట్టారు.


జూన్ 19

అవుతోంది. కరెంటు పోకుండా ఉంటే చాలు.


జూన్ 20, శుక్రవారం

వచ్చారు.

జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు, మేళం గట్టిగా అందుకున్నప్పుడు. హాలంతా లేచి మండపం వైపు తోసుకుంటోంది. కెమెరాకి కుడివైపు తలుపు దగ్గర, ఆఖరి వరస కుర్చీల వెనక ఒక్కరే నిలబడ్డారు. తెల్ల పంచె, తెల్ల మీసం. ఎవరి దగ్గర తీసుకున్నారో, గుప్పిట్లో అక్షింతలు. అక్కడినుంచే చెయ్యెత్తి వేశారు. అవి మండపం దాకా ఎక్కడ వెళ్తాయి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీల మీద పడ్డాయి. రెండు చేతులూ జోడించి అలాగే కాసేపు ఉన్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. తలుపు దగ్గర ఒక చిన్నపిల్ల తాంబూలం సంచి ఇస్తే తీసుకున్నారు. భోజనాల వైపు చెయ్యి చూపిస్తే తల అడ్డంగా ఊపి, బయటికి వెళ్ళిపోయారు.

అంతా కలిపి ఒక పాటలో సగం కూడా ఉండదు.

నేనే ఫోన్ చేశాను. కస్టమర్‌తో నేను ఫోన్లో మాట్లాడటం ఇదే మొదలు. "రాజుగారూ, మీకు తప్పు చెప్పేనండి. పెళ్ళంతా నేను చూడలేదు. ఇప్పుడు చూసేను. ఒకసారి రండి" అన్నాను.  అవతల కారు తాళాల చప్పుడు వినపడింది.


జూన్ 21, శనివారం

నిన్న సాయంత్రమే వచ్చేశారు. రాయడానికి తీరలేదు, ఇవాళ రాస్తున్నాను.

పైకి, ఇంట్లోకి తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన చూశారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ.

"తాంబూలం తీసుకున్నాడు," అన్నారు.

"తీసుకున్నారండి."

"కోపం ఉన్నోడు తాంబూలం తీసుకోడు కదమ్మా?"

"తీసుకోరండి."

"అంత దూరం నుంచి వేస్తే అక్షింతలు అందుతాయా ఏంటి. చిన్నప్పటినుంచీ అంతే మా అన్నయ్య." నవ్వబోయి, కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుంటూ ఉండిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి అక్కర్లేని టీ పెట్టాను.

వెళ్ళేటప్పుడు ఆ ముక్క ఫోన్‌లో వేయించుకున్నారు. మెట్ల దగ్గర ఈయనతో అన్నారు.

"ఈవిడ్ని ఇంట్లో పెట్టుకుని హైదరాబాద్ అంటావేంటయ్యా?"

"ఇంట్లో ఆడోళ్ళు చేస్తన్నారంటే రేటు తగ్గించమంటారండి."

"తగ్గించమన్నోడికి చెయ్యకు."

ఇవాళ పొద్దున్న కాఫీ దగ్గర ఈయనకి చెప్పాను. "నాకు కొత్త మిషన్ కావాలండి. ల్యాప్‌టాప్ కాదు. డెస్క్‌టాప్, ముందుముందు ప్రాసెసర్ మార్చుకునే వీలున్నది."

"నువ్వే కదా వద్దన్నావు?"

"అప్పుడు వద్దన్నాను. అడగడం నామోషీ అనిపించింది. ఇప్పుడు అడుగుతున్నాను."

ఈయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. "ఏది కావాలో నువ్వే చెప్పు. నాకు వాటి పేర్లు తెలీవు."

ప్రసన్నకుమార్‌కి ఫోన్ చేశాను. ఏ ప్రాసెసర్ పెట్టాలో, రెండు కెమెరాల ఫైళ్ళు ఒకేసారి నడవాలంటే ఏం కావాలో మాట్లాడుకున్నాం. ఎడిటింగ్ నేనే చేస్తానని ముందే చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. "అనుకున్నానండి" అన్నాడు.


జూన్ 25

ఈయన ఫోన్లో ఎవరితోనో: "మా ఆవిడే చేస్తదండి. లేదండి, తగ్గదు."

ఆ కస్టమర్ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.   కానీ ఆ మాట నాకు రోజంతా వినపడుతూనే ఉంది.


జూలై 4, శుక్రవారం

కొత్త మిషన్ వచ్చింది. భవ్య పెళ్ళి రెండు కెమెరాల్లోదీ పక్కపక్కన పెట్టి నడిపాను. ఎక్కడా ఆగలేదు. ఒకదానిలో పెళ్ళికూతురు తల వంచింది, రెండోదానిలో అదే క్షణానికి హాలంతా లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ నేను ఒక కంటితో చూస్తూ రెండోది అక్కర్లేదనుకున్నాను.

పాతది శ్రీదుర్గ తీసుకుంది, చదువుకి.


జూలై 12, శనివారం

ఇవాళ అన్నదమ్ములిద్దరూ వచ్చారు.

ఆషాఢం కదా, భవ్య పుట్టింట్లో ఉంది. సాంబశివరాజుగారు అన్నగారి ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి ఫోన్‌లో ఆ ముక్క చూపించారట. అన్నగారు అది చూసి, ఒక్క మాటే అన్నారట, లోపలికి రమ్మని. గట్టు సంగతి ఇంకా తేలలేదు, తేలుతుందో లేదో కూడా తెలియదన్నారు. భవ్యని చూడటానికి మాత్రం ఆయన రోజూ వస్తున్నారట.

బంగార్రాజుగారు నా పక్క కుర్చీలో కూర్చుని తనని తాను చూసుకున్నారు. "నేనింత లావుగా ఉన్నానా అమ్మా?" అన్నారు. తమ్ముడు నవ్వారు.

ఆ ముక్కని సినిమాలో కలపాలని వాళ్ళ కోరిక. నేను ముందే సిద్ధం చేసి ఉంచాను. మండపం మీద అక్షింతలు పడుతుంటాయి, అక్కడినుంచి ఆయన చెయ్యి పైకి లేవడం. చూపించాను. 

చివర్లో పేర్లు వచ్చాయి. ఫొటోగ్రఫీ: హరిబాబు. ఎడిటింగ్: వీరవేణి. అది నేను పెట్టలేదు. ఈయన నిన్న నన్ను అడిగి, ఎక్కడ టైప్ చెయ్యాలో తెలుసుకుని, తానే కొట్టారు. మొదట అక్షరం తప్పు పడితే దిద్దుకున్నారు కూడా.

బంగార్రాజుగారు అడిగారు. "అమ్మా, నేను వెళ్ళిపోయేది తీసెయ్యగలవా? వచ్చిందొక్కటీ ఉంచు."

"తాంబూలం ఉండాలి," అన్నారు సాంబశివరాజుగారు వెంటనే. "అది తియ్యడానికి వీల్లేదు."

"తాంబూలం తీసుకున్నాకే కదరా వెళ్ళింది."

ఎక్కడ కత్తిరించాలో తెలియక ఇద్దరూ నా వైపు చూశారు. ఈయన కూడా తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు. నేను ఒక్కొక్క ఫ్రేమూ ముందుకి జరిపాను. పిల్ల సంచి పట్టుకుని చెయ్యి చాచింది. ఆయన చెయ్యి వచ్చింది. సంచి తాడు ఆయన వేళ్ళకి చిక్కింది. ఇంకొక్క ఫ్రేము జరిపితే మడమ తలుపు వైపు తిరుగుతుంది.

అక్కడ కత్తిరించాను.